రెండు వేళ్ళ ఎడం

ముప్పై ఎనిమిదేళ్ళు విమానాలతో కాపురం చేసిన మనిషి ఒక్కసారి కూడా టికెట్టు కొని విమానం ఎక్కలేదంటే ఎవరూ నమ్మరు. రెక్కలత్త ఎక్కలేదు. అయినా పంతొమ్మిదిసార్లు ఎగిరింది.

ఆమెది కుట్టుపని. ఊరి చివర గడ్డిమైదానం పక్కన విమానం నడపడం నేర్పే బడి ఒకటుంది. అందులో ఇప్పటికీ మూడు పాతకాలపు రెండు సీట్ల విమానాలున్నాయి. వాటి రెక్కలు రేకువి కావు, గుడ్డవి. లోపల చెక్కతో చేసిన పక్కటెముకలుంటాయి. వాటి మీద గుడ్డ పరిచి, మూరెడు సూదితో, మైనం పట్టించిన దారంతో పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ పొడుస్తూ ఒక్కో ఎముకకూ గుడ్డను కట్టెయ్యాలి. కుట్ల మీద పట్టీ అంటించి, డోప్ అనే ఘాటైన పూత ఐదారుసార్లు పూస్తే గుడ్డ డప్పులా బిగుస్తుంది. ఈ సంగతి విన్నవాళ్ళు ముందు నవ్వుతారు, తరవాత ఆ విమానం ఎక్కడానికి జంకుతారు.

జంకు ఉంటుందనే ఆ బడిలో ఒక నియమం పుట్టింది. పుట్టించినవాడు పెద్ద కెప్టెన్. ఆయన ఇప్పుడు లేడు. అప్పట్లో ఆమెకు ఇరవై ఐదేళ్ళు. మొదటిసారి ఒంటిచేత్తో ఒక రెక్క పూర్తిచేసి, చేతులకంటిన డోప్ గోకుకుంటూ షెడ్డు గుమ్మంలో నిలబడింది. పెద్ద కెప్టెన్ రెక్క చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"కుట్టిందెవరు?"

"నేనేనండీ."

"గట్టిగా కుట్టావా?"

"గట్టిగానే కుట్టానండీ."

"అయితే ఎక్కు."

"నేనా?"

"మరి నేనొక్కణ్ణే చావాలా?"

అలా ఎక్కింది. అప్పటినుంచి ఎవరు కుట్టిన రెక్కతో వాళ్ళు మొదటిసారి వెనకసీట్లో కూర్చోవాలన్నది షెడ్డులో రాయని చట్టమైంది. కొన్నాళ్ళకు దాన్ని రిజిస్టరులో కూడా రాశారు. కాకపోతే ఆఫీసువాళ్ళు ఒక ముక్క చేర్చారు: బడిలో ఉద్యోగం చేస్తున్నవాళ్ళకే ఇది వర్తిస్తుంది.

ఆ మొదటి పది నిమిషాలూ ఆమెకు నిన్నగాక మొన్న జరిగినట్టే ఉంటాయి. గడ్డి మీద చక్రాలు గడగడమంటూ పరుగెత్తాయి. ఆ గడగడ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏదో పాడైందనుకుని కెప్టెన్ వీపు వైపు చూసింది. వీపులో కంగారేమీ కనిపించలేదు. అప్పుడర్థమైంది, నేల వదిలేశామని. పక్కకి తిరిగితే రెక్క. ఎండ కింద రెక్క ఆకులా మారింది. గుడ్డలోంచి పక్కటెముకలు ఈనెల్లా కనబడుతున్నాయి. ఒక్కో ఈనె మీదా ఆమె కుట్లు చీమలబారుల్లా సాగుతున్నాయి. వాటిని ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మేఘం నీడ ఒకటి రెక్క మీదికెక్కి, ఆ చివరినుంచి దిగిపోయింది. లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి పెట్టింది. పూర్తయ్యేసరికి చక్రాలు మళ్ళీ గడగడమన్నాయి.

ఆ సాయంత్రం భర్త అడిగాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

"ఊరు పైనుంచి ఎట్లా ఉంది?"

"చూళ్ళేదు."

"మరేం చూశావ్?"

"కుట్లు."

ఆయన అన్నం కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. "అంతెత్తుకెళ్ళి నువ్వు కుట్టిన గుడ్డే చూసుకున్నావా? నేను రోజుకి వందమందిని మోస్తాను. ఒక్కరోజైనా స్టీరింగు చూస్తూ కూచున్నానా?"

"నీ బస్సు ఊడితే రోడ్డుంటుంది" అందామె.

రెండోసారీ అంతే. ఏడోసారి చలికాలం పొద్దున, మైదానమంతా పాలపొంగులా మంచు. విమానం ఆ తెల్లదనంలోంచి పైకి తేలి, పైన ఎండలో ఒంటరిగా నిలిచింది. కిందంతా దూది ఏకి ఆరబోసినట్టుందని కెప్టెన్ వెనక్కి తిరిగి అరిచి చెప్పాడు. ఆమె తలూపిందే గాని చూపు కుట్ల మీదనుంచి తియ్యలేదు. పదకొండోసారి వాన చినుకులు రెక్క మీద పడి, గాలికి గుండ్రంగా దొర్లుతూ ఒక్కో కుట్టు దగ్గరా రవ్వంత ఆగి ముందుకు పోయాయి. ఆ ఆగడం ఆమెకు ఎంతో నచ్చింది. కొన్నేళ్ళపాటు నిద్రలో కూడా ఆ చినుకులు దొర్లాయి. కలలో ఆమె ఎప్పుడూ కూర్చుని ఉండదు, రెక్క మీద బోర్లా పడుకుని ఉంటుంది. శబ్దం ఉండదు. గాలి జుట్టును వెనక్కి దువ్వుతూ ఉంటుంది.

"మీ ఆవిడకి కళ్ళు నెత్తికెక్కాయన్నయ్యా" అని పక్కింటావిడ వేళాకోళం ఆడేది.

"ఎక్కితే బాగుండును, కాస్త చుట్టూ చూసేది" అనేవాడు బస్సు డ్రైవరు.

అరవైమూడో ఏట, ఉద్యోగం చివరి నెలలో, ఆమెకు ఇరవయ్యో అవకాశం వచ్చింది. మూడింట్లో పాతదైన విమానానికి ఎడమరెక్క గుడ్డ మార్చాలి. గురువారం దాన్ని ఎగరేసి చూస్తారు. శుక్రవారం ఆమె పదవీ విరమణ. ఈసారి మాత్రం కుట్లు చూడకూడదని ముందే తీర్మానించుకుంది. కిందికి చూడాలి. భర్త ముప్పయ్యేళ్ళు బండి తిప్పిన డిపో చూడాలి. తమ మేడ మీది నీళ్ళట్యాంకు చూడాలి. కాలువ ఊళ్ళోకొచ్చి ఎక్కడ వంపు తిరుగుతుందో, అది ఎప్పుడూ ఊహించుకోవడమే, అదీ చూడాలి. భర్తకు కూడా చెప్పేసింది.

"గురువారం మధ్యాహ్నం మేడ మీదుండు. చెయ్యూపుతాను."

"పైనుంచి నేను కనబడతానా?"

"కనబడకపోతే ఏం, నువ్వుంటావుగా."

ఆ రెక్క కుట్టినన్ని రోజులూ ఆమె సగం పైనే ఉంది. చేతులు వాటి పాటికవి కుట్టుకుపోయాయి. పక్కన సీట్లక్క పని నేర్చుకుంటూ ఉండేది. కార్ల సీట్లకు తొడుగులు కుట్టే దుకాణంలో పదేళ్ళు పనిచేసి, రెక్కలత్త స్థానంలోకి రాబోతున్న మనిషి. నలభై దాటాయి. చెయ్యి మంచిది, గుండె మాత్రం కోడిపిల్లది.

"మా మేడ మీద బట్టలారెయ్యడానికే నాకు కళ్ళు తిరుగుతాయత్తా. ఈ ఎక్కడం సంగతి ముందే చెప్పుంటే అసలు చేరేదాన్నే కాదు."

"అందుకే ఎవరూ చెప్పలేదు" అంది రెక్కలత్త.

మంగళవారం సాయంత్రానికి పూతలన్నీ ఆరాయి. చీఫ్ ఇంజనీరు చూసి సంతకం పెట్టేశాడు. ఇంటికి బయల్దేరుతూ, గుర్రాన్ని నిమిరినట్టు ఆమె రెక్కను నిమిరింది. పట్టీ కింద కుట్లు చేతికి చిన్నచిన్న బుడిపెల్లా తగులుతాయి. రెక్క చివర బుడిపెకీ బుడిపెకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి. ముందున్న పంకా గాలి నేరుగా కొట్టేచోట, అంటే విమానం శరీరానికి దగ్గరున్న మూడు ఎముకల మీద, రెండు వేళ్ళే ఉండాలి. ఆ గాలి ఊరికే వీచే గాలి కాదు, గుడ్డను పీకి చూసే గాలి.

మొదటి ఎముక, రెండు వేళ్ళు. రెండో ఎముక, రెండు వేళ్ళు. మూడోదాని మీద ఆమె చెయ్యి ఆగింది. వేళ్ళు పెట్టి చూసింది. మళ్ళీ పెట్టింది. నాలుగు.

ఆ ఎముక కుట్టిన మధ్యాహ్నం ఆమెకు బాగా గుర్తుంది. ఆ మధ్యాహ్నమే మనసులో కాలువ వంపు చూసుకుంటూ కూర్చుంది.

షెడ్డులో ఎవరూ లేరు. పైన పట్టీ ఉంది, రంగుంది, సంతకం ఉంది. కంటికి కనబడేదేమీ లేదు. ఒక్కసారి ఎగిరినంత మాత్రాన ఏమవుతుంది? పది నిమిషాలు. రేపు నోరు మూసుకుని, ఎల్లుండి ఎగిరి దిగి, ఆ తరవాత చెప్పినా పని అవుతుంది. ఇప్పుడే చెబితే పట్టీ పీకాలి, కుట్లు వెయ్యాలి, మళ్ళీ పూతలు. శుక్రవారం దాటిపోతుంది. ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని ఈ లెక్కంతా నింపాదిగా వేసుకుంది. తన ప్రాణం సంగతైతే పెద్ద పట్టింపు లేదు. కాని ముందుసీట్లో ఇప్పటి కెప్టెన్ కూర్చుంటాడు. అతను ఏ రెక్కనూ తడిమి చూడడు. వెనకసీట్లో ఈమె కూర్చుందా లేదా అన్నదే చూసి బండి కదిలిస్తాడు.

లేచి చీఫ్ గదిలోకి వెళ్ళింది. ఆయన టీ తాగుతున్నాడు.

"ఆ సంతకం కొట్టెయ్యండి."

"ఏ సంతకం?"

"ఎడమరెక్కది. మూడో ఎముక మీద నాలుగు వేళ్ళు కుట్టాను."

చీఫ్ కప్పు కింద పెట్టాడు. "నేనూ తడిమి చూశానే. నాకేం తేడా తెలీలేదు."

"మీకెలా తెలుస్తుంది? మీవి సంతకాలు పెట్టే వేళ్ళు."

"అత్తా, గురువారం తప్పితే మీకిక..."

"తెలుసు."

ఆయన కలం తీసి, సంతకానికి అడ్డంగా గీత కొట్టాడు. "ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క తప్పు. అదీ ఈ వారమే చెయ్యాలా?"

"ఈ వారం కాబట్టే చేశాను."

మర్నాడు పట్టీ ఊడదీశారు. పాత కుట్ల మధ్య కొత్తవి పడాలి. రెక్కలత్త సూదిని సీట్లక్క చేతికిచ్చింది.

"నువ్వు వెయ్యి."

"మీరుండగా నేనా?"

"నా వేళ్ళకి కలలొస్తున్నాయి. వాటిని నమ్మలేను."

సీట్లక్క కుట్టింది. అత్త పక్కనే కూర్చుని ప్రతి ముడినీ గోటితో లాగి చూసింది. మూడు ముళ్ళు విప్పించింది. "కారు సీటు కాదమ్మాయ్, దీనిమీద ఎవరూ కూచోరు. దీన్ని గాలి లాగుతుంది" అంది. గురువారానికి ముసురు పట్టింది. గాలిలో తేమ ఉంటే డోప్ పాలు విరిగినట్టు తెల్లబడుతుంది. బ్రష్షులు కడిగి పెట్టేశారు. మేడ మీద గొడుగేసుకుని నిలబడిన బస్సు డ్రైవరుకు ఫోను చేసి దిగిపొమ్మని చెప్పింది. శుక్రవారం నాలుగు మంచిమాటలు చెప్పి, ఒక శాలువా కప్పి ఆమెను పంపేశారు.

మరుసటి బుధవారం తెరిపిచ్చింది. ఎగరేస్తున్నారని కబురు తెలిసి వెళ్ళింది. షెడ్డు ముందు విమానం ఎండలో ఆకుపచ్చగా మెరుస్తోంది. కెప్టెన్ ఆమెను చూసి చెయ్యి పట్టుకున్నాడు.

"రండత్తా, ఎక్కెయ్యండి. పది నిమిషాలే. ఎవరు చూడొచ్చారు?"

వెనకసీటు తలుపు తెరిచే ఉంది. సీటు మీది పాత చినుగు కూడా కనబడుతోంది. ఆమె ఒక అడుగు వేసింది కూడా. వెయ్యలేదంటే అబద్ధం.

"ఆ పది నిమిషాల మీద ధ్యాస పెడితేనే కదయ్యా నాలుగు వేళ్ళయింది" అని ఆగిపోయింది. "అయినా ఆఖరి కుట్లు వేసిందెవరు? అదీ నియమం."

అందరూ సీట్లక్క వైపు తిరిగారు. ఆమె అప్పటికే షెడ్డు స్తంభం పట్టుకుని ఉంది.

"అత్తా, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళెందుకు, సీటు పట్టుకో. గట్టిగా కుట్టావా?"

"కుట్టాను... మీరే చూశారుగా."

"అయితే ఎక్కు."

విమానం గడ్డి మీద పరుగెత్తి, చెట్ల మీదుగా లేచి, చిన్నదై, చుక్కై, ఒకచోట తెల్లటి మబ్బులో దూరి ఇవతలికొచ్చింది. రెక్కలత్త నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది ఊరి మీద తిరిగిన చుట్టంతా మెడ నొప్పిపుట్టేదాకా చూసింది. డిపో వైపు వెళ్ళింది. కాలువ వైపు వంగింది. అక్కడ పైనున్న మనిషికి ఏం కనబడుతోందో ఒక్కొక్కటీ మనసులో పేర్చుకుంది.

దిగాక సీట్లక్క మొహం సున్నం కొట్టినట్టుంది.

"కాలువ చూశావా?"

"ఏ కాలువత్తా? కళ్ళు తెరిస్తే ఒట్టు."

చీఫ్ పగలబడి నవ్వాడు. రెక్కలత్త నవ్వలేదు.

"రెక్కవైపు టపటపమని ఏమైనా వినబడిందా?"

సీట్లక్క ఆలోచించింది. "లేదు. గాలి ఒక్కటే. నున్నగా పోయింది. మధ్యలో ఒకసారి ఎండ కనురెప్పల మీద ఎర్రగా పడింది. అప్పుడు తెరుద్దామనుకున్నాను."

"తెరవాల్సింది."

"వచ్చేసారి తెరుస్తానత్తా."

వచ్చేసారి అనేసింది. ఆ మాట తను అన్నట్టు ఆమెకే తెలియలేదు. అత్త మాత్రం విన్నది. ఇంకేమీ అడక్కుండా ఎడమరెక్క దగ్గరికి వెళ్ళి, మూడో ఎముక మీద చెయ్యి వేసింది. రెండు వేళ్ళు, బుడిపె. రెండు వేళ్ళు, బుడిపె. ఎండలో నిలబెట్టిన రెక్కే అయినా గుడ్డ ఇంకా చల్లగా ఉంది. పైన మబ్బులోంచి తెచ్చుకున్న చలి అది. అరచేతి వేడికి అది మెల్లగా తగ్గిపోయేదాకా ఆమె అక్కడే నిలబడింది.