పిన్నమ్మ కోసం మెత్తబడిన జీపు

"మీ చిన్నాయన లేస్తా లేడమ్మా" అని పిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కోలారులో ఆఫీసుకు బయల్దేరుతున్నాను. ఇంట్లో మిక్సీ తిరగడం లేదని చెప్పినంత మామూలుగా చెప్పింది. అందుకే నాకు వెంటనే అర్థం కాలేదు. మొహాన నీళ్లు చల్లి చూడమన్నాను. "చల్లినానమ్మా" అంది. నేను రాబర్ట్‌సన్‌పేట చేరేసరికి వాళ్లింటి ముందు చెప్పులు నిండిపోయి ఉన్నాయి.

వచ్చినవాళ్లంతా ఆయన ఎంత మంచి లెక్కల మాస్టారో చెప్పుకున్నారు. నిజమే. మా కేజీఎఫ్‌లో సగం మందికి ఆయన లెక్కలు చెప్పాడు, మిగతా సగం మందికి చెవులు మెలిపెట్టాడు. ఆ సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మీకు ఆయన జీపు గురించి చెప్తాను. చివరి రోజుల్లో ఆయన ఎక్కువగా ఉన్నది ఇంట్లో కాదు, దాని కింద. రిటైరయ్యాక మాస్టారికి మతి తప్పిందని వీధిలో అనుకునేవాళ్లు. నా చెవిన పడితే ఊరుకునేదాన్ని కాదు గానీ, ఆయన మాత్రం నవ్వి మళ్లీ జీపు కిందికి దూరేవాడు.

పిన్నమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చిన మామిడితోట ఆవని ఊరు దాటాక ఉంది. తారు రోడ్డు అయిపోయిన చోట ఒక వంకలో దిగాలి, ఆ తర్వాత బండరాళ్ల మీద ఎక్కుతూ దిగుతూ పోవాలి. ట్రాక్టరు తప్ప మరేదీ పోని దారి అది. ఆ దారి కోసమే చిన్నాయన పాత ఫోర్‌వీల్ జీపు ఒకటి కొన్నాడు. పెద్ద టైర్లు వేయించి, చక్రాల పైన స్ప్రింగుల్లా పేర్చి కట్టే ఇనుప కమాన్ పట్టీలకు ఇంకొన్ని పట్టీలు కలిపించి, బండిని బాగా ఎత్తు లేపించాడు. ఎక్కడానికి పక్కన మెట్టు వెల్డింగ్ చేయించాడు. ఆదివారం వస్తే ఇద్దరూ క్యారియర్లో రాగిముద్ద, ఊరిబిండి కట్టుకుని తోటకు పోయేవాళ్లు. దారి బాగాలేదని ఎవరైనా సణిగితే ఆయనకు నచ్చేది కాదు.

"దారిని యాల తిట్టేది? దాని పాటికి అది పండుకోని ఉండాది. పోతా ఉండేది మనం. మనమే చూసుకోవాల" అనేవాడు.

తర్వాత పిన్నమ్మ వెన్నుకు ఆపరేషన్ అయింది. నడవొచ్చు, వంట చేసుకోవచ్చు, కుదుపులు మాత్రం పనికిరావన్నారు డాక్టరు. కుదుపంటే ఏమిటో తెలియాలంటే ఆ జీపులో కూర్చోవాలి. అన్ని పట్టీలు కలిపి ఎత్తు లేపిన బండి రాయిలా బిగుసుకుపోయి ఉండేది, చిన్న గుంతకే మనిషిని సీటు మీద నుంచి ఎగరేసేది. ఎత్తు తగ్గిస్తే బండి ఆ బండలు దాటదు. తగ్గించకపోతే పిన్నమ్మ దాంట్లో కూర్చోలేదు. తోట గుత్తకిచ్చి హాయిగా ఉండమని మేమందరం చెప్పాం. పిన్నమ్మ మాత్రం తోట నుంచి ఎవరైనా కాయలు తెచ్చి గంపలో పోస్తే ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని వాసన చూసేది. "ఇది వంక పక్క చెట్టుది. ఇది బాయి దగ్గరది" అని విడివిడిగా పెట్టేది. ఆ చెట్లన్నీ ఆమె చేత్తో నాటినవే.

అది చూసి చిన్నాయన నన్ను వంటింట్లోకి పిలిచాడు. "కాయను చూసి చెట్టు చెప్తా ఉండాది ఈయమ్మ. ఇంగ నేను ఊరికే యాడ కూర్చునేదమ్మా?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

ఎత్తు పోకుండా బండిని మెత్తగా చేయాలి. ఇక మొదలుపెట్టాడు. మా కోలారు మార్కెట్టు నుంచి టొమాటోలు ఎక్కడెక్కడికో పోతాయి కదా, అవి నలగకుండా పోగలిగినప్పుడు మనిషి పోలేదా అన్నది ఆయన ఆలోచన. బాగా మాగిన టొమాటోలు తెప్పించి, జీపు వెనక నిండుగా బాక్సులు పేర్చేవాడు. బంగారు గనులవాళ్లు పోసిన సైనైడు మట్టిదిబ్బల పక్కన గుంతల దారిలో ఒక చుట్టు తిరిగొచ్చి, షెడ్డులో బాక్సులు దించి చూసేవాడు. అడుగున ఉన్నవి నలిగి ఉండేవి. ఒక పట్టీ మార్చేవాడు, షాక్ అబ్జార్బరు మార్చేవాడు, మళ్లీ తిరిగేవాడు. షెడ్డు గోడంతా సుద్దముక్కతో వేసిన లెక్కలే. మేమేమో ఆ కాలమంతా టొమాటో పప్పు, టొమాటో పచ్చడి, టొమాటో చారు తిని విసిగిపోయాం. ఇప్పటికీ మా ఇంట్లో టొమాటో చారంటే ఎవరూ కంచం దగ్గరికి రారు.

ఒక రోజు బాక్సులు దించితే ఒక్కటంటే ఒక్క కాయ కూడా నలగలేదు. చిన్నాయన వీధిలోకి వచ్చి అందరికీ చూపించాడు. వెంటనే జీపు ఖాళీ చేసి, కడిగి, పిన్నమ్మ సీట్లో దిండు వేసి ఆమెను ఎక్కించుకున్నాడు. వీధి చివర గుంత కూడా దాటలేదు, పిన్నమ్మ నడుం పట్టుకుని ఆపమంది. చిన్నాయనకు ఏమీ అర్థం కాలేదు. ఆయన పిన్నమ్మకు మేనమామ వరస, చిన్నప్పటి నుంచీ ఆమె మామా అనే పిలిచేది. ఆ నొప్పిలోనే అంది, "మామా, టొమాటోలకు చేసినావు బండిని. నాకు కాదు."

అదీ సంగతి. అన్ని బాక్సుల బరువుంటేనే ఆ పట్టీలు మెత్తగా వంగేవి. బరువు తీసేస్తే బండి మళ్లీ మొండికేసేది. జీవితమంతా పిల్లలకు ఎక్కాలు నేర్పిన మనిషి, బండిలో టొమాటోలు లేనప్పుడు ఎట్లా ఉంటుందో లెక్క కట్టడం మరిచిపోయాడు.

తర్వాత ఆయన కనిపెట్టిన ఉపాయం మేమే. పిన్నమ్మను ఎక్కడికైనా తీసుకుపోవాలంటే చుట్టాలను పిలిచి వెనక కూర్చోబెట్టేవాడు. "ఎక్కండప్పా, బరువు కావాల" అని లావుగా ఉన్నవాళ్లను ముందు పిలిచేవాడు. నన్ను చూసి, "నిన్ను వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. నువ్వు స్టీరింగు పట్టుకోమ్మా" అని జీపు నడపడం నేర్పాడు. అట్లా బంగారుపేట దాకా, ముళబాగిలు దాకా తారు రోడ్ల మీద పోయొచ్చాం. తోటకు మాత్రం కుదరలేదు. అంతమంది ఎక్కితే బండి కిందికి దిగి, వంక దాటగానే మొదటి బండకే అడుగు గీసుకుంది. అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. దారి పొడవునా పిన్నమ్మ కిటికీలోంచి తల తిప్పలేదు.

ఆ తర్వాత ఆయన పంతం పట్టినట్టే పని చేశాడు. ఆండర్సన్‌పేటలో ఒక మెకానిక్ అన్నను పట్టుకుని పాత పట్టీలన్నీ పీకించాడు. పొడవుగా, పలచగా ఉండే కొత్త పట్టీలు, మంచి షాక్ అబ్జార్బర్లు వేయించాడు. ఈసారి టొమాటోలు లేవు. నన్ను డ్రైవింగ్ చేయమని, తాను పిన్నమ్మ సీట్లో కూర్చునేవాడు, ఆమె నడుముకు కట్టుకునే బెల్టు కట్టుకుని. ఆ బెల్టు ఆయన పొట్ట చుట్టూ సగం కూడా వచ్చేది కాదు. చివరలను తాడుతో కలిపి కట్టుకునేవాడు. కళ్లు మూసుకుని, "ఈడ తగిల్తా ఉండాది. ఈడ లేదు. నిదానం, ఈడ మీ పిన్నమ్మ అమ్మా అంటాది" అని చెప్తూ ఉండేవాడు. ఆపరేషన్ అయింది ఎవరికో తెలియని వాళ్లు చూస్తే ఆయనకే అనుకునేవాళ్లు. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

చివరికి ఒక సాయంత్రం, జీపు దిగి బెల్టు విప్పి నా చేతికిచ్చాడు. "అయిపోయిందమ్మా. పూత రానీ, పోదాం" అన్నాడు.

పూత వచ్చింది. తోట నుంచి కబురు కూడా వచ్చింది. ఆ వారమే ఆయన పోయాడు. ఇంత చేసి, ఆ ఒక్క ఆదివారం దాకా ఆగలేకపోయాడని నాకు ఆయన మీద కోపం వచ్చింది. కోపం రాకూడదని తెలుసు. అయినా వచ్చింది, ఇంకా పోలేదు.

పెద్దదినం కర్మ అయ్యాక పిన్నమ్మ తోటకు పోదామంది. ఏడాది తిరక్కుండా గడప దాటకూడదని పెద్దవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. పిన్నమ్మ గొంతు పెంచలేదు. "మామ చేసింది చూడకుండా ఏడాది యాడ కూర్చునేది?" అని, బెల్టు కట్టుకుని నా పక్కన ఎక్కి కూర్చుంది. ఇంకెవరినీ రానివ్వలేదు.

తారు రోడ్డు అయిపోగానే ఆమె ముందున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. వంకలో దిగాం, ఎక్కాం. చక్రాలు ఒక్కొక్కటే బండ మీదికి లేచి దిగుతున్నాయి, పైన మేం మెల్లగా ఊగుతున్నాం, అంతే. అడుగు ఎక్కడా తగల్లేదు. కొంతసేపటికి పిన్నమ్మ కమ్మీ వదిలేసింది. నొప్పిగా ఉందా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఆయన పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు ఆమె. "ఇంత మెత్తగా చేసిపెట్టి యాడికి పోయినాడమ్మా?" అంటూ తోట వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. నేనూ ఏడుస్తూనే నడిపాను.

తోటలో పూత రాలిపోయి పిందెలు పడ్డాయి. సమంగా ఉన్న ఒక పరుపుబండ మీద జీపు ఆపాను. పిన్నమ్మ దిగి చెట్ల మధ్యకు పోయి, ఒక్కో మొదలు మీద చెయ్యి పెట్టి చూసుకుని చాలాసేపటికి వచ్చింది. జీపు ముందు నిలబడిపోయింది.

"డ్రైవరు పక్క ఎత్తుగా ఉండాది చూడమ్మా. ఏమైంది?" అంది.

నిజమే. కుడిపక్క కొంచెం పైకి లేచి ఉంది. దారిలో ఏదైనా విరిగిందేమోనని భయపడి మెకానిక్ అన్నకు ఫోన్ చేశాను.

"ఒన్నుం ఆగలేమ్మా, ఏం కాలేదు" అన్నాడు తన అరవం కలిసిన తెలుగులో. "సార్ వెయిట్ జాస్తి గదా. ఆయన స్టీరింగు దగ్గర కూర్చుంటే సమంగా రావాలని ఆ పక్క ఒక పట్టీ ఎక్కువ పెట్టినా. ఇప్పుడు సార్ లేరు. తీసుకురాండి, పట్టీ తీసేస్తా."

ఫోన్ స్పీకర్లో ఉంది. పిన్నమ్మ విన్నది. "వద్దని చెప్పు" అంది.

నేను చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆమె అటుపక్కకు నడిచి మెట్టు మీద కాలు పెట్టింది. నేను చెయ్యి పట్టుకుంటే, మెల్లగా ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ సీట్లో ఆమె కూర్చోవడం నేను చూడలేదు. కాళ్లు కింద ఆనలేదు. వీలైనంత బరువుగా కూర్చోవాలన్నట్టు వెనక్కి ఆనుకుని, రెండు చేతులూ స్టీరింగు మీద వేసింది.

"ఇప్పుడు చూడమ్మా, సమంగా వచ్చిందా?"

నేను జీపు ముందుకు వచ్చి నిలబడి చూశాను.

"రాలేదు పిన్నమ్మా" అన్నాను.

ఆమె దిగలేదు. అట్లాగే కూర్చుని ఉంది.