మిషన్ బల్ల మీద చెయ్యి

మా బావ బట్టల కొట్టులో కటింగ్ మాస్టర్. ఎదుటి మనిషి మొహం కన్నా ముందు చొక్కా భుజాలు చూస్తాడు. నా పెళ్లి ఫోటోలో కోటు చేతులు పొట్టిగా ఉన్నాయని ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. ఆ కోటు ఇంకెవరి దగ్గరో కుట్టించుకున్నానని అసలు ఉడుకు.

పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. కత్తెర పట్టే చెయ్యి. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి ఆ మణికట్టుకు గడియారంలాంటి పట్టీ కట్టింది. ఇంట్లో చెయ్యి ఎంత కదులుతోందో అందులోని సెన్సర్ లెక్కగడుతుందట.

"చేతిని ఒళ్లో దాచుకోకండి బాబాయ్ గారూ. మీ పని దగ్గరే ఉంచండి," అంది.

బావ ఆ మాట తు.చ. తప్పలేదు. అక్క ఇంట్లో మోటారు మిషన్ మీద కుడుతుంటే పక్కన కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టేవాడు. గుడ్డ జారకుండా బరువుగానైనా పనికొచ్చేది.

మళ్లీ వెళ్లినప్పుడు కంప్యూటర్లో గీతలు చూసి ఆ అమ్మాయి సంబరపడింది. చెయ్యి బాగా కదులుతోందంది. అక్క ఏడ్చేసింది. నా నోరు ఊరుకుంటుందా? అక్కడినుంచే కొట్టు యజమానికి ఫోన్ చేసి మాస్టర్ వచ్చేస్తున్నాడని చెప్పాను. కొట్టులో బావ కటింగ్ బల్ల ఇంకొకరికి ఇవ్వబోతున్నవాడు ఆగుతానన్నాడు.

"ఏదీ, ఒకసారి ఎత్తండి," అంది ఆ అమ్మాయి.

చెయ్యి కాదు కదా, వేలు కూడా లేవలేదు.

ఆమె గీతలను మళ్లీ చూసింది. రోజంతా చెయ్యి ఎక్కడ పెడుతున్నారని అడిగింది. అక్క చెప్పింది. కదిలింది చెయ్యి కాదు, మిషను.

"ముందే అడగాల్సింది. పొరపాటు నాదే," అంది ఆ అమ్మాయి.

నాకు ఒళ్లు మండింది. "చెయ్యి కింద బల్ల అంతలా అదురుతుంటే తెలీలేదా బావా?"

ఎవరో మర్చిపోయిన వస్తువును చూసినట్టు బావ ఆ చేతిని చూశాడు. "తెలిస్తే ఇక్కడికెందుకు వస్తానురా," అన్నాడు.

బస్సులో ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. నాకు ఏడుపు రాలేదు, కోపమూ మిగల్లేదు. దిగేముందు బావ అన్నాడు: "యజమానికి ఫోన్ చెయ్యి. నా బల్ల ఇంకొకరికి ఇచ్చేయమను. చాటింపు వేసినవాడివి నువ్వేగా."

ఇంటికెళ్లాక అక్క మిషన్ ముందు కూర్చుంది. బావ చెయ్యి ఎత్తి బల్ల మీద పెట్టాడు. అక్క దాన్ని చూస్తూ ఉండిపోయింది.

"కుట్టవే," అన్నాడు. "గుడ్డ జారదులే."