బిళ్ల ఎక్కితేనే తాళం

ఈ ప్రయాణానికి కారణం మా వీధి చివరి ఇస్త్రీ బండి. రెండున్నరేళ్ల మా మిన్ను ఆ పెట్టెలో ఎర్రగా మండే బొగ్గులు చూసి రోజూ "ఇది ఎక్కడిది?" అని ప్రాణం తీస్తుంది. గోదావరిఖనిలో రిటైరైన గని కార్మికులు, వాళ్ల ఇంటివాళ్లు కలిసి పాత క్వార్టర్లో చిన్న మ్యూజియం నడుపుతున్నారని, ఆదివారాలు మాత్రమే తెరుస్తారని విన్నాను. "చంటిదాన్ని ఎత్తుకుని బొగ్గు చూడ్డానికా?" అని మావారు నవ్వారు. నవ్వితే నవ్వారని, పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కేశాను.

మధ్యాహ్నం కాకముందే రామగుండంలో దిగాం. స్టేషన్ బయట షేర్ ఆటోలుంటాయి కానీ, పిల్లతో ఇరుక్కోలేక రెండు వందలకు ఆటో మొత్తం మాట్లాడుకున్నాను. "మ్యూజియమా? మా కాక బాయిల ఏసుకున్న బూట్లు గూడ ఆడనే ఉన్నయక్కా," అన్నాడు డ్రైవర్ గర్వంగా. ఇక్కడ గనిని బాయి, బాబాయిని కాక అంటారు. దారిలో పవర్ ప్లాంటు చిమ్నీలు చూసి మిన్ను "అమ్మా, పేద్ద అగరొత్తి!" అని అరిచింది.

మ్యూజియం అంటే రెండు గదులు, ఒక వరండా. టికెట్ లేదు. గడప మీద లచ్చవ్వ అనే ముసలావిడ కూర్చుని ఉంది, తాళంచెవి కొంగుకు కట్టుకుని. లోపల చూపించేది రిటైరైన గని కార్మికుడు కొమురయ్య, ఇక్కడ అందరికీ కాక. ఇస్త్రీ బండి సంగతి చెబితే పకపకా నవ్వాడు. "అది కట్టెబొగ్గు బిడ్డా. మాది రాతిబొగ్గు." ఇంత దూరం వచ్చాక తెలిసింది నాకు!

వెనక గదిని దుంగల ఆసరాలతో గనిలా కట్టారు. కాక లైటు తీసేశాడు. అది ఇంట్లో కరెంటు పోయినప్పటి చీకటి కాదు, నా చెయ్యి నాకే కనిపించలేదు. చీకటంటే ఏడ్చే మిన్ను నా మెడను కరుచుకుంది. అప్పుడు కాక నెత్తి మీది టోపీకున్న బత్తి వెలిగించి ఒక రాయి మీద వెలుగు వేశాడు. రాతిలో ఈనెలతో సహా ఒక ఆకు! "ఈ ఆకు రాలిననాడు మనిషే పుట్టలే," అన్నాడు కాక. మిన్ను దాన్ని వేలితో మెల్లగా తాకి "ఆకు" అంది.

ముందు గదిలో మేకులకు ఇత్తడి బిళ్లలు వేలాడే బోర్డు ఉంది. డ్యూటీకి దిగేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు తీసుకుంటారు, పైకొచ్చాక మళ్లీ తగిలిస్తారు. బోర్డు మీదికి బిళ్ల ఎక్కలేదంటే మనిషి ఇంకా గనిలోనే ఉన్నట్టు. అన్నిట్లోకీ కింది వరసలో ఒకటి తళతళలాడుతోంది. లచ్చవ్వ భర్త మల్లయ్యది. ఆయన రిటైరై, ఇంట్లోనే ముసలితనంతో పోయాడు. ఆ బిళ్లను అవ్వ వారం వారం చింతపండుతో తోముతుంది.

సాయంత్రం రైలుకని ఆటో పిలిపించాను. తాళం వెయ్యడానికి వచ్చిన అవ్వ బోర్డు చూసి ఆగిపోయింది. "మా ఆయన బిళ్లేది?"

కాక బత్తి వెలిగించుకుని చీకటి గదిలోకి ఉరికాడు. "మల్లన్నా! ఓ మల్లన్నా!" అని లోపలినుంచి కేక. బయటికొచ్చి, "ఏంది నేను గిట్ల జేస్తి," అని తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. పోయిన మనిషి కోసం అంత వేగంగా ఉరికినవాణ్ని నేనెప్పుడూ చూడలేదు.

ముగ్గురం మూలమూలలా వెతికాం. "రైలు పోతది, మీరు పోండ్రి బిడ్డా," అంది అవ్వ. "నేనైతే తాళమెయ్య. ఆయన డ్యూటీకి వోతే అప్పుడు బాయికాడున్న ఈ బోర్డు నాకు కనవడేదా? గడప మీద కూసుని సూసుడే. గిప్పుడు కండ్ల ముంగటుంది. ఎక్కిందో లేదో సూడకుంట ఇంటికెట్ల వోత?"

మిన్నును ఎత్తుకున్నాను. వదులుగా ఉన్న దాని బూటులో ఏదో చప్పుడైంది. తీసి దులిపితే బిళ్ల! సిగ్గుతో చచ్చిపోయాను. అవ్వ మాత్రం నా కూతుర్ని చేతుల్లోకి తీసుకుని, "నువ్వే తీస్తివి గద, నువ్వే ఎక్కియ్యి," అంది. మిన్ను తగిలించింది. అవ్వ కాసేపు దాన్నే చూసింది.

"వచ్చిండు," అంది కాకతో, కొంగు ముడి విప్పుతూ. "ఇగ తాళమెయ్యి."

రైలు ఎలాగో అందింది. ఒళ్లో మిన్ను నిద్రపోయింది. మావారు స్టేషన్‌కొచ్చి "బొగ్గు చూశారా?" అని అడిగితే మిన్నును ఆయన భుజం మీదికి అందించాను. ఇల్లు చేరిన మనిషిని చూసుకోవడం ఇంత పెద్ద విషయమని నాకు ఇన్నేళ్లూ తట్టలేదు.

పిల్లలతో వెళ్లేవారికి ఒక్క సలహా. బయటికొచ్చే ముందు వాళ్ల జేబులు, బూట్లు దులిపి చూడండి. ఆ బిళ్ల పొరపాటున మీతో వచ్చేస్తే, అవ్వ ఆ గడప మీదే కూర్చుని ఉంటుంది.