సీతాఫలాలు అమ్ముడయ్యాకే కదిలిన జీపు

డెబ్బై మూడేళ్ల వయసులో, భుజాన సంచితో, మూడు కొండలు దాటి, దారి ఒక్కరినీ అడగకుండా, పాడేరు అవతలున్న సోమన్న కాఫీ తోటకి ఒంటరిగా చేరుకున్నాను. ఈ మాట మా వన్ టౌన్ టీ బడ్డీ దగ్గర ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఒక కొండ పెరిగింది. మీలో ఎవరైనా అదే దారిన వెళ్లవచ్చు కాబట్టి మీకు మాత్రం ఉన్నది చెప్పాలి. కొండ ఒక్కటే. మిగతావి వరసగా ఒప్పుకుంటాను.

నిరుడు అనకాపల్లిలో పెళ్లికని బస్సెక్కి, నిద్రపోయి, తునిలో లేచాను. పోర్టులో ముప్ఫై నాలుగేళ్లు క్రేను నడిపినవాణ్ణి, బస్టాండులో దారి అడుగుతానా? తోచిన బస్సెక్కాను. అది కాకినాడ తీసుకుపోయింది. మర్నాడు ఇంటికి చేరేసరికి మా ఆవిడ పైడమ్మ నా ఆధార్ కార్డు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పటినుంచి పక్కనే ఉన్న పూర్ణా మార్కెట్టుకైనా తోడు లేకుండా పంపదు.

తోటలో గదులు అద్దెకిస్తున్నారని విన్నప్పుడు, ఒక్కణ్ణే వెళ్లి వస్తానని పట్టుబట్టాను. పదిహేను రోజులు పోరాడితే ఒక షరతు మీద కార్డు బయటికొచ్చింది.

"సూడు మావా, దీపాలెట్టే యేలకి ఆ తోటాయన నాతో ఫోన్లో మాటాడాల. నువ్వు కాదు, ఆయన. నేదంటే ఇంక గుమ్మం దాటవు."

"దాటితే?"

"దాటి సూడు."

సంత రోజునే రమ్మని సోమన్న ముందే చెప్పాడు. వాళ్ల ఊరి జీపు పాడేరుకి వచ్చేది ఆ రోజే. ఉదయం ఆరింటికి బస్సుల కాంప్లెక్సులో పాడేరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే పెద్దవాళ్లకి టికెట్టులో తగ్గింపు ఉంది, మరిచిపోకండి. చోడవరంలో బస్సు ఆగినప్పుడు నాలుగు ఇడ్లీలు తిన్నాను, ముప్ఫై రూపాయలు. పక్క సీటాయనతో నేను కాఫీ గింజల వ్యాపారినని చెప్పాను.

"నానూ అదే యాపారం బావా! ఈ ఏడు మీ కాడ ధరెంత పలకతంది?" అన్నాడాయన.

ఘాటు రోడ్డు ఎక్కేదాకా కళ్లు మూసుకుని నిద్ర నటించాను.

పదింటికి పాడేరు. సంత చివర జీపు కనిపించింది. డ్రైవరు బానెట్ మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు.

"ఎన్నింటికి తీస్తావు?"

"సంత లెగిసాక."

"అదెప్పుడు?"

"అందరియ్యీ అమ్ముడయ్యాక తాతా. పొద్దున ఎంతమందిని దింపినానో అంతమందినీ ఎక్కించుకోవాల. ఒకల్ని ఒగ్గేసి ఎల్తే ఊల్లోకి రానిత్తారేటి?"

మూడున్నరకి అందరూ ఎక్కేశారు. చిలకమ్మ అనే ఆవిడ ఒక్కతే మిగిలింది. నలభై ఏళ్లుంటాయి. ముందర ఆరు కుప్పల సీతాఫలాలు. వచ్చే సంతదాకా ఆగే పండు కాదు, అందుకని లేవదు. జీపులో ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. నాకు మాత్రం పైడమ్మ దీపపు కుందిలో నూనె పోస్తున్నట్టే కనిపిస్తోంది. దిగి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"నేను అమ్మిపెడతాను, చూడు."

పట్నంలో పళ్లబండి వాళ్లు చేసినట్టే చేశాను. మెత్తబడినవన్నీ ఒకచోట, గట్టివన్నీ ఒకచోట ఏరి పేర్చాను. డజను ఇంత అని కేక పెట్టాను. వచ్చినవాళ్లు చూసి పక్కకి పోయారు. చిలకమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏటి సేసినావు తాతా! ఇయ్యాల తినీవన్నీ ఒక్కకాడ ఎట్టేసినావు. మరి రేపటికో? ఎల్లుండికో? ఇంట్లో మనుసులు ఒక్కరోజే తింటారేటి?"

ఆమె కుప్పకి ఒక లెక్క ఉంది. రెండు ఇవాళ్టికి, రెండు రేపటికి, మిగతావి సంత దాటి నాలుగోనాటికి. కొన్న ఇంట్లో రోజూ పండు ఉండాలి. నేను చెడగొట్టినవన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసి మళ్లీ కలిపి పేర్చడానికి ముప్పావు గంట పట్టింది. ఆ తర్వాత నా కేకలకి ఆరు కుప్పలూ చకచకా పోయాయి. అంటే జీపుని ఆలస్యం చేసింది నేనే, కాని పళ్లు అమ్మిపెట్టిందీ నేనే.

జీపు కదిలేసరికి నాలుగూ ముప్పావు. మనిషికి యాభై రూపాయలు. అరగంటకి రోడ్డు అయిపోయింది. అక్కడినుంచి కొండదారి, రెండు కిలోమీటర్లు. బడ్డీ దగ్గర ఏడని చెప్పాను. ఒంటరిగా అన్నాను కదా, చిలకమ్మ ముందు నడిచింది. ఆమెదీ సోమన్న ఊరే, జీపులో మిగతావాళ్లు అప్పటికే ముందు వెళ్లిపోయారు. భుజాన సంచి అన్నాను, అది ఆమె ఖాళీ బుట్టలో, ఆమె నెత్తిన ఉంది. నడిచింది మాత్రం నా కాళ్లతోనే. ప్రతి మలుపులోనూ ఆకాశం చూసుకుని, ఇంకా వెలుగుంది, ఇంకా వెలుగుంది అనుకుంటూ ఎక్కాను.

తోట కంచె దగ్గర సోమన్న టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఫోను పలికేది ఇంటి వెనక బండ మీదే. అదీ ఎక్కాం. ఆరున్నర.

"అమ్మా, తాత వచ్చీసినారు. బాగున్నారు," అన్నాడు సోమన్న.

"దీపమెట్టి అరగంటయింది బాబూ. ఇంటికి రానీ, సెప్తాను." ఫోను పెట్టేసింది.

రెండు రాత్రులు ఉన్నాను. రాత్రికి ఎనిమిది వందలు, భోజనాలతో. మట్టిగోడల గది, కట్టెల పొయ్యి మీద కాచిన వేడినీళ్లు, పొద్దున్నే చోడి అంబలి, అదే మీ రాగి అంబలి, రెండో రోజు నాటుకోడి. కాఫీ మొక్కలకి నీడనిచ్చే చెట్లనిండా మిరియాల తీగలు. అన్నీ చూశాను, అన్నీ తిన్నాను. ఇక ఈ జన్మలో ఒంటరిగా గుమ్మం దాటనన్న దిగులు మాత్రం అంబలితో కూడా దిగలేదు.

మూడోనాడు సోమన్న కొండ కిందికి ఒక ఆటో మాట్లాడాడు. పాడేరు ఆస్పత్రిలో బీపీ మాత్రలు తెచ్చుకోవాలని చిలకమ్మ కూడా ఎక్కింది. బస్టాండుదాకా వచ్చి నా సంచి కిటికీలోంచి అందించింది. వెళ్లేవాళ్లకి నేను చెప్పేదొకటే. తోటకి చేరడం కష్టం కాదు, గడియారం చూసుకుంటూ చేరడమే కష్టం. ఈ మాట డైరీలో రాసుకుంటుండగా ఫోను మోగింది. నాకు చెవులు కాస్త మందం, అందుకని స్పీకరు పెట్టాను.

"ఏటి మావా, ఎలా ఎల్లినావు ఆ తోటకి?"

"ఒక్కణ్ణే వెళ్లానే! ఒక్కరిని దారి అడిగితే ఒట్టు!"



"ఎవుల్నీ అడగనేదా? మల్లీ తునే అన్నమాట. రా, కార్డు బీరువాలోకి పోద్ది."

చిలకమ్మ కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. "అబద్దం అమ్మా! మలుపు మలుపుకీ అడిగినాడు. ఇదేనా దారి, ఇదేనా దారి అని నా బుర్ర తినీసినాడు."

"నిజంగా అడిగినాడా?"

"అడక్కుండా అడుగెయ్యనేదు."

"అడిగితే సాలు తల్లీ. దీపం సంగతి ఒగ్గేత్తాను. ఇంక ఎక్కడికైనా ఎల్లనీ."

ఫోను జేబులో, డైరీ సంచిలో పెట్టుకున్నాను. బస్సు స్టార్టయింది. మగవాణ్ణి కదా, ఊరుకోలేక అన్నాను: "పోనీలే చిలకమ్మా, నీ పళ్లు అమ్మిపెట్టాను, నువ్వీ సాయం చేశావు. చెల్లుకి చెల్లు."

"నువ్వెక్కడ అమ్మినావు తాతా?" అంది చిలకమ్మ. "నువ్వు లెగిసి జీపులో కూకున్నాకే కదా జనం నా కాడికొచ్చినారు!"