ఐదో కిలోమీటరు దగ్గర తమ్ముడు చెప్పిన మాట

1999లో పెనుకొండలో, బెంగుళూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నేను కార్లు బాగు చేసేవాణ్ణి. చదివింది ఐదో తరగతి. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకుని చదవండి. మామూలు కారుతో పోటీల్లోకి ఎట్లా దిగాలని అడిగేవాళ్లు ఇప్పటికీ షెడ్డుకు వస్తుంటారు. వాళ్లకు బండి సంగతి చెప్తాను గానీ, ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే వెంకటరమణన్న నా దగ్గరికే బండి తెచ్చేవాడు. ఆయన తమ్ముడు సోము ముదిగుబ్బలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడు. పెళ్లిళ్లయినా ఇద్దరిదీ ధర్మవరంలో ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. చీరల మూటలు మోసే పాత చిన్న కారు కూడా ఇద్దరిదీ ఒకటే.

ఒకరోజు ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు.

"దావీదూ, బెంగుళూరు క్లబ్బోళ్లు హిందూపురం నుంచి ధర్మవరం దాకా కార్ల పోటీ పెట్టినారప్పా. మేమూ పోతాండాం" అన్నాడు అన్న.

"ఈ బండితోనా? కోళ్లు కూడా దీన్ని దాటుకుని పోతాయి కదన్నా!"

"స్పీడు కాదప్పా, టైము. నేను తోల్తా, వీడు లెక్క చెప్తాడు. మా వాడి లెక్క తప్పేదే లేదు."

సోము సిగ్గుపడి నేల చూశాడు. ఆ మాట అన్నప్పుడు అన్న ముఖం ఎట్లా వెలిగిందో నాకు ఇంకా గుర్తుంది.

ఆ పోటీని టీఎస్‌డీ ర్యాలీ అంటారు. టైము, స్పీడు, డిస్టెన్సు. మామూలు రోడ్డు మీద, వాళ్లు చెప్పిన వేగంతోనే పోవాలి. గంటకు ముప్పై ఆరు అంటే ముప్పై ఆరే. దారిలో ఎక్కడో టైమ్ కంట్రోల్ ఉంటుంది, అంటే గడియారం పట్టుకుని కూర్చున్న మనుషులు. ఆలస్యమైతే తప్పు. ముందే పోతే ఇంకా పెద్ద తప్పు. ఏ మలుపు ఎన్ని కిలోమీటర్లకు వస్తుందో రోడ్ బుక్‌లో ఉంటుంది. అది చూసి లెక్క చెప్పేవాణ్ణి నావిగేటర్ అంటారు. కొత్తగా దిగేవాళ్లకు ఇదే మంచిది, కారు ఏదైనా సరిపోతుంది.

నేను బ్రేకులు విప్పి చూశాను. నీళ్ల పైపులు, ఫ్యాన్ బెల్టు కొత్తవి వేశాను. ఇంజను కింద రాళ్లు తగలకుండా సంప్ గార్డ్ అనే ఇనుప రేకు బిగించాను. సీటు బెల్టులు గుంజి చూశాను. వేగం, దూరం చూపించే మీటరు ముల్లు వణుకుతుంటే కేబుల్ మార్చాను. ఇంకొక పని వాళ్లు అడగకుండానే చేశాను. మా వైపు పల్లె రోడ్లకు, చెనక్కాయ మూటలు వేసే బండ్లకు ఒక సైజు పెద్ద టైర్లు వేయడం అలవాటు. బండి ఎత్తు పెరుగుతుంది, కింద రాయి తగలదు. ప్రేమ కొద్దీ ఆ టైర్లు వేశాను.

వెనక సీట్లో ఒక మనిషి కూర్చోవచ్చని క్లబ్బువాళ్లు చెబితే నేనూ ఎక్కాను. హిందూపురం దాటి కాస్త దూరం పోయాక, రోడ్ బుక్‌లో ఐదు కిలోమీటర్లు అని రాసిన కల్వర్టు వచ్చింది. ఎవరి మీటరు వాళ్లు సరిచూసుకోవడానికే దాన్ని పెట్టారట. అది నాకు అప్పుడు తెలియదు.

సోము తల ఎత్తాడు. "అన్నా, బుక్కులో ఐదు ఉండాది. మన మీటరు నాలుగుముక్కాలే చూపిస్తాండాది. లెక్క మార్చుకోవాల."

"కొత్త కేబుల్ రా అది. సరిగ్గా చూడు."

"చూసే చెప్తాండా."

అన్న అద్దంలో నా వైపు చూశాడు. "ఏమప్పా దావీదూ, మీటరు బాగుండాదా?"

"నా చేతులతో బిగించినా. ఏం ఢోకా లేదన్నా" అన్నాను.

"ఇన్నావా? మెకానిక్కే చెప్తాండాడు. నువ్వు బుక్కు చూసి చెప్పు, చాలు."

సోము మళ్లీ బుక్కు మీదికి వంగాడు. నా మాట మీదే బండి నడిచింది. రెండు మలుపులు దాటిపోయి వెనక్కి తిరిగాం. మలుపు తప్పని చోటల్లా కంట్రోల్‌కు ముందే చేరాం. ధర్మవరంలో బోర్డు మీద మా పేరు అడుగున ఉంది. చీరల బజారు మనుషులంతా చూడ్డానికి వచ్చారు. అందరి ముందు అన్న అరిచాడు.

"లెక్కల అయివారంట! మీటరు చూసి చెప్పడం రాదు వీడికి. పిలకాయలకు ఏం చెప్తాండావురా ఆడ?"

సోము రోడ్ బుక్ బానెట్ మీద పెట్టి, దాని మీద స్టాప్ వాచ్ పెట్టి, ముదిగుబ్బ బస్సెక్కాడు. నెల తిరక్కముందే కాపురం అక్కడికే మార్చాడని విన్నాను.

తరువాతి వారం ఆ బండి నా దగ్గరే ఉంది. ఏదో సామాను కోసం దాంట్లో హిందూపురం పోతూ, ఊరికే కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టాను. ఇరవై రాళ్లు దాటినా మీటరులో పంతొమ్మిదే తిరిగింది. షెడ్డుకు వచ్చి పాత టైర్లు వేసి మళ్లీ పోయాను. ఇరవైకి ఇరవై. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. మీటరుకు చుట్లే తెలుసు, దూరం తెలియదు. తమ్ముడు సరిగ్గానే చెప్పాడు.

అన్న బండి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు చెప్పాలనే అనుకున్నాను. ఆయన ముఖం చూసి, తాళాలు చేతిలో పెట్టి పంపేశాను. దావీదు తప్పు పని చేశాడని ధర్మవరం అంతా అనుకుంటుందని భయం. ఇంకోసారి చెప్పొచ్చులే అనుకున్నాను. ఎనిమిదేళ్లు ఆయన వస్తూ పోతూనే ఉన్నాడు. ప్రతిసారీ అట్లాగే అనుకున్నాను.

2007లో అన్న గుండె ఆగి పోయాడు. కొన్ని నెలలకు సోము అదే కారు తోలుకుని వచ్చాడు. తల నెరిసింది. నేను పానా కింద పెట్టి, టైర్ల సంగతి, రాళ్ల సంగతి అంతా చెప్పేశాను.

ఆయన స్టీరింగ్ మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"టైర్ల సంగతి నాకు ఆ పొద్దే తెలుసప్పా. నా మాట యాడ ఇన్నాడు ఆయన?" అన్నాడు. తరువాత అడిగాడు. "మా అన్నకు చెప్పినావా?"

"లేదు సార్."

తల ఊపి, బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. మళ్లీ నా షెడ్డుకు రాలేదు.

ఇప్పుడు ఏ బండికి టైరు సైజు మార్చినా, పది రాళ్ల దూరం తోలి చూసి, మీటరు ఎంత తేడా చూపిస్తుందో కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అంటిస్తాను. బండి యజమానికి చదివి వినిపిస్తాను. పక్కన కూర్చునే మనిషి ఉంటే, ఆయన్నీ పిలిచి ఇద్దరికీ కలిపి వినిపిస్తాను.