బావ చొక్కా విప్పిన రోజు

మొన్న సాయంత్రం బస్టాండు పక్కన మా బావ కొట్లో బల్ల మీద కూర్చుని ఉన్నాను. నర్సీపట్నం బస్సు అప్పుడే కదిలింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద వేళ్ళాడుతూ "బావా, బీడీకట్ట!" అని కేకేసేడు. బావ కుర్చీలోంచి లేవలేదు. లేవడం ఆయనకి చిన్న పని కాదు. వెనక్కి చెయ్యి చాపి అరలోంచి కట్ట తీసి, బస్సుకేసి కాదు, బస్సుకి ముందున్న ఖాళీలోకి విసిరేడు. కట్ట అక్కడికి చేరేసరికి కండక్టరు చెయ్యి కూడా అక్కడికి చేరింది. బస్సు వెళ్ళిపోయింది. కొట్లో ఎవరూ తలెత్తి కూడా చూడలేదు, వాళ్ళకది రోజూ ఉండేదే. నేను మాత్రం మనసులో లెక్క కట్టబోయేను. బడిలో నేను నేర్చుకున్న లెక్కలు అయిదో తరగతితో ఆగిపోయాయి, మిగతావి బెల్లం మార్కెట్లో కాటా పక్కన నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను. బస్సు వేగం, కట్ట బరువు, ఎదురుగాలి, కండక్టరు చెయ్యి చాపే ఆలస్యం, ఇవన్నీ కాగితం మీద పెట్టి తేల్చమంటే నాకొక పూట పడుతుంది. బావకి రెప్పపాటు చాలు.

బావంటే మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద, నన్ను చూసి ఊరంతా ఆయన్ని బావనే పిలుస్తారు. చిన్నతనంలో చెరుకుబండి చక్రం ఆయన కుడిమోకాలి మీంచి పోయింది. ఆ కాలు మళ్ళీ మడత పడలేదు. మేం చెడుగుడుకి దిగేముందు చొక్కాలు విప్పి ఆయన ముందు కుప్ప పోసేవాళ్ళం. ఆయన వాటికి కాపలా. ఎవరి చొక్కా ఏదో వాసనని బట్టి చెప్పగలనని ఆయన అనేవాడు, మాలో ఒకరిద్దరు ఆ మాటకి నొచ్చుకునేవారు కూడా. ఆ కుప్పలో ఆయన చొక్కా మాత్రం ఎన్నడూ లేదు. ఇంటి దగ్గర తోటలో పశువులు పడితే తరమలేడు కాబట్టి కూర్చున్నచోటునుంచే మట్టిబెడ్డ విసిరేవాడు. అది ఆవుకి తగిలేది కాదు, సరిగ్గా దాని ముట్టె ముందు పడేది. ఆవు ఆగి, కాసేపు ఆలోచించుకుని, వెనక్కి తిరిగేది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిషను బడికి కెనడానుంచి ఒక కుర్ర దొర వచ్చేడు. అక్కడి కాలేజీలో కోలబంతితో ఆడే ఫుట్‌బాల్ ఆడినవాడట. మన తెలుగుని పుస్తకంలో నేర్చుకున్నాడు, ఎవరినైనా మీరు అనే పిలిచేవాడు, బడి గేటులో దూరిన మేకని కూడా. ఆయన కాగితం మీద బంతి బొమ్మ గీసి జట్కాగుర్రాలకి జీనులు కుట్టే సాయిబు గారికిస్తే, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "దొరగారూ, ఇది బంతి కాదు, పీచు తియ్యని కొబ్బరికాయ" అన్నాడు. అన్నాడేగాని నాలుగు రోజుల్లో ఎంత చక్కగా కుట్టేడంటే దొర దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళేడు. సాయంత్రాలు పనులు ముగించుకుని మేమంతా, అప్పటికి ఇరవయ్యేసి ఏళ్ళవాళ్ళం, శారదానది ఇసకలో ఆ ఆట నేర్చుకున్నాం.

ఆట నాకు నచ్చడానికి కారణం అందులో ఉన్న లెక్క. బంతితో అవతలివాళ్ళ చివరి గీత దాటితే పాయింట్లు. దానికోసం మూడేసి ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. జట్టు వెనక ఒకడు నిలబడతాడు, బంతి ముందు వాడి చేతికే వస్తుంది. దొర వాడిని క్వార్టర్‌బ్యాక్ అనేవాడు. వాడికి రెండు దారులు. బంతి చంకలో పెట్టుకుని తానే పరుగెత్తడం ఒకటి. కదలకుండా నిలబడి, ముందుకి పరుగెడుతున్న మనవాడికి విసరడం రెండోది. విసిరేవాడి చుట్టూ అయిదుగురం భుజాలు కలిపి గూడు కట్టి, మీదపడేవాళ్ళని ఆపాలి. ఒళ్ళు బరువు కాబట్టి నేను ఆ గూటిలో ఒకణ్ణి.

పరుగులో సాయిబు గారి అబ్బాయిని మించినవాడు లేడు, చెడుగుడులో వాడు మా ఊరికి మొనగాడు. చిక్కల్లా ఆ చెడుగుడుతోనే వచ్చింది. బంతి చేతికి రాగానే వాడు అలవాటు కొద్దీ కూత పెట్టేవాడు. కూత పెట్టినంతసేపు వాడిని పట్టేవాడు ఉండేవాడు కాదు. ఊపిరి ఆగిపోగానే, చెడుగుడులో లాగే, గిర్రున వెనక్కి తిరిగి మావైపు పరుగెత్తుకొచ్చేసేవాడు! దొర నిర్ఘాంతపోయి "మీరు ఏల తిరిగి వచ్చితిరి?" అని అడిగేడు. "కూతైపోయింది దొరగారూ" అన్నాడు వీడు. కూత అంటే ఏమిటో మేమంతా వివరించేక దొర ఎంతో గంభీరంగా, "ఈ ఆటలో మీరు ఊపిరి పీల్చుకొనవచ్చును" అన్నాడు.

ఒకనాడు బంతి దొర్లుకుంటూ చొక్కాల కుప్ప దగ్గరకి పోయింది. బావ కూర్చునే దాన్ని తిరిగి విసిరేడు. అది మా అందరి తలల మీంచీ పోయి, ఇసక అవతల నీళ్ళలో పడింది. దొర కాసేపు నీళ్ళకేసి, కాసేపు బావకేసి చూసేడు. మర్నాటినుంచి బావ కూడా గూటిలో నిలబడి విసరడం మొదలుపెట్టేడు. చూడ్డానికి వచ్చిన జనం రెండు పార్టీలైపోయేరు. "ఒక్కసోట నిలబడి ఇసిరితే ఆటేటి? తూర్పారబట్టడం అది" అని ఒకళ్ళంటే, "మరి సగందాకా ఎల్లి ఇంటికొచ్చేసీవోడిదేటి, సాగనంపడమా?" అని ఇంకొకళ్ళు.

పాయకరావుపేట వైపు ఇంకో మిషను బడి దొర కూడా ఒక జట్టుని తయారుచేసేడు. వాళ్ళతో పోటీ కుదిరింది. వెనక నిలబడే చోటు ఒక్కటే. నేను లెక్కలవాణ్ణని ఆ చోటు ఇద్దరిలో ఎవరికివ్వాలని మా దొర అందరి ముందూ నన్ను అడిగేడు. నేను ఉన్నదే చెప్పేను. పరుగు ప్రతిసారీ మూడు నాలుగు గజాలు తెస్తుంది. బావ విసిరింది అందితే ముప్పై గజాలు, కాని చాలాసార్లు బంతి కింద పడుతోంది, అందుకునేవాడు అక్కడికి చేరలేకపోతున్నాడు. సగటు చూస్తే బావదే ఎక్కువ. కాని మూడు ప్రయత్నాల్లో పది గజాలు రావాలంటే సగటుతో పని లేదు. సాయిబు గారి అబ్బాయే మేలు. బావ కాలు సవరించుకుంటూ నవ్వేడు. "నిజవేరా, లెక్కంటే లెక్కే. సొక్కాలు సూడ్డానికి నానూ వత్తాను" అన్నాడు. బంతి విసిరిన ఆ నెల్లాళ్ళూ తప్పితే ఆ మనిషికి ఏ ఆటలోనూ చోటు లేదని నాకు తెలుసు. అయినా లెక్క అలాగే ఉంది.

తునిలో రైలు దిగి, నది దాటి వెళ్ళేం. అక్కడి నేల గట్టి నేల. వాళ్ళు చొక్కాలతో ఆడితే మేం విప్పేసి ఆడేం. సాయిబు గారి అబ్బాయి పరుగు సంగతి వాళ్ళకి ముందే తెలిసినట్టుంది, బంతి వాడి చేతికి రావడం తరువాయి, జట్టంతా వాడి మీదే పడేది. పొద్దు వాలేసరికి మేం కొద్దిలో వెనకబడి ఉన్నాం. మిగిలినవి మూడు ప్రయత్నాలు. అందులో రెండు ఊరికే పోయేయి. అప్పుడు సాయిబు గారి అబ్బాయి రొప్పుకుంటూ చొక్కాల దగ్గరకి నడిచేడు.

"బావా, దిగు. నాను ముందుకి పరుగెడతాను, నువ్విసురు."

"నానిసిరితే కింద పడతాదిరా. లెక్కలోడు సెప్పేడు కదా."

"ఆడు సెప్పింది ఏరేవోల్లు అందుకున్నప్పుడు. నానందుకుంటే ఏటవుద్దో ఆడు సూసేడేటి?"

బావ విసిరే చోటికి సమయానికి చేరగల కాళ్ళు మా జట్టులో ఒక్కడికే ఉన్నాయి. ఆ ఒక్కడినే నేను బావకి ఎదురుగా తక్కెడ రెండో తట్టలో పెట్టి తూచేను. ఇద్దరినీ కలిపి కూడాలని నాకు తట్టనే లేదు.

బావ దొరకేసి చూసేడు. దొర తల ఊపేడు. బావ చొక్కా గుండీలు ఒక్కొక్కటే తీసి, చొక్కా మడతపెట్టి, కుప్ప మీద అందరి చొక్కాల పైన పెట్టేడు. ఎండ ఎరగని ఒళ్ళు. కాలీడ్చుకుంటూ వస్తుంటే అవతలివాళ్ళలో ఒకడు, "ఒరే, ఈల్లకి మనుసులైపోయేర్రా, కుంటోణ్ణి దింపేరు!" అని అరిచేడు. దొర పక్కనుంచి, "మీరు నిలిచియుండుడి. భయపడవద్దు" అన్నాడు.

గూటిలో ఉన్నవాడికి విసిరేవాడు కనిపించడు, వాడు మన వీపు వెనక ఉంటాడు. అందుకే ఆటలో బావ విసరడం నేను ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. నాకు కనిపించేవి ఎదుటివాళ్ళ ముఖాలే. ఆ రోజు నన్ను తోస్తున్నవాడు నాకంటే బలశాలి. నా పాదాలు నేల దున్నుకుంటూ వెనక్కి పోతున్నాయి. ఉన్నట్టుండి వాడి చేతుల్లో బలం పోయింది. వాడి ముఖం మెల్లగా పైకి లేచింది, నోరు తెరుచుకుంది. పక్కవాడి ముఖమూ అంతే, ఆ పక్కవాడిదీ అంతే. కొట్టుకుంటున్న మనుషులందరూ ఒక్కసారిగా ఆకాశంకేసి చూసేరు. నేనూ తల తిప్పేను. బంతి ఎక్కడో పైన, ఒణుకు లేకుండా, ఎవరూ లేనిచోటికి పోతోంది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు ముందుగా కూత వినిపించింది, ఆ తరవాత మనిషి కనిపించేడు. బంతి దిగుతోంది, వాడు చేరుతున్నాడు. వాడి చేతులు చాపే ఉన్నాయి, బంతి వచ్చి వాటిలో కూర్చుంది. వాడు వెనక్కి చూడనైనా లేదు.

గీతకి ఇంకా రెండు గజాలుందనగా వాడి కూత ఆగిపోయింది. వాడు గిర్రున వెనక్కి తిరిగేడు.

ఓడిపోయేం. మా దొర రెండు చేతులతో తల పట్టుకుని నేల మీద కూర్చుండిపోయేడు, భుజాలు అదురుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాం, తీరా చూస్తే నవ్వు. గెలిచినవాళ్ళు మాత్రం గెలుపు సంగతే మరిచిపోయేరు. ఇందాక ఎగతాళి చేసినవాడే వచ్చి, విసిరిన ఊపుకి కిందపడ్డ బావకి చెయ్యిచ్చి లేపేడు. "గురువా, ఇంకొక్కపాలి ఇసురు. ఈసారి నాను పరుగెడతాను" అన్నాడు. వాడి తరవాత ఇంకొకడు, ఆ తరవాత ఇంకొకడు. వెలుగున్నంతసేపూ పాయకరావుపేట వాళ్ళు వంతులేసుకుని పరుగెత్తేరు, బావ విసిరేడు. గూడుతో పని లేదు కాబట్టి నేను మొట్టమొదటిసారి పక్కన నిలబడి చూసేను. బావ పరుగెత్తేవాడికేసి చూడడు. ఎవరూ లేని ఒక చోటుకేసి, అక్కడొక మనిషి నిలబడి ఉన్నట్టే చూస్తాడు. చొక్కాలకి కాపలా లేకపోవడంతో ఒక మేక నా చొక్కా చెయ్యి సగం నమిలేసింది. ఆ చొక్కాతోనే రైలెక్కేను.

మొన్న బస్సు మలుపు తిరిగేక అడిగేను, "ఎలా తెలుస్తుంది బావా?" అని. ఆయన బీడీకట్టలు సర్దుతూ, "ఉన్నసోటికి ఇసిరితే ఎనకపడిపోద్దిరా" అన్నాడు. ఇన్నేళ్ళుగా నేను ఆ సాయంత్రాన్ని జరిగిపోయినదాని కిందే లెక్క రాస్తున్నాను. ఆ బంతి అప్పుడు నేనున్న చోటికి విసిరింది కాదేమో, ఇన్నేళ్ళూ గాలిలోనే ఉండి, మొన్న ఆ బల్ల మీద కూర్చున్న నా చేతుల్లోకి వచ్చి దిగింది.