మీటరు కంటికి పెట్టిన బొట్టు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. గుత్తి కోట దగ్గర అది కనిపించింది, ఇది వినిపించింది అని మా వీధిలో వాళ్లు మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది కూడా దయ్యం కథ అని నేను అనడం లేదు. ఏమనాలో నాకే తెలియదు. ఒకటి మాత్రం నిజం. ఇది తలుచుకుంటే నాకు భయం వేయదు, ఒళ్లు మండుతుంది.

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో నాకు మా జిల్లాలోనే ఒక కరెంటు కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికింది. బొగ్గు కాల్చి కరెంటు తీసే ప్లాంటు. పొగగొట్టంలోంచి ఎంత దుమ్ము బయటికి పోతోందో రోజూ కాలుష్య నియంత్రణ మండలికి రిపోర్టు పంపాలి. అప్పటిదాకా ఎవరో ఒకరు కూర్చుని మీటరు అంకెలు ఎక్కించేవారు. మనిషి చెయ్యి తగలకుండా అది దానంతటదే వెళ్లిపోయేలా ప్రోగ్రాం రాయడం నా పని.

నేను ఎగిరి గంతేసి చేరడానికి ఇంకో కారణం ఉంది. మా అక్కను ఇచ్చిన ఊరు ఆ ప్లాంటు పక్కనే. గాలి అటు తిరిగితే మిద్దె మీద ఆరబోసిన శనక్కాయలు బూడిదరంగుకు వస్తాయి. అక్క కూతురు చిన్నికి నాలుగేళ్లు. దాని ఛాతీలో ఎప్పుడూ పిల్లికూతలే. తరచూ ముఖానికి మాస్కు తగిలించి మందు పీల్పించాలి.

ఊరివాళ్లంతా కలిసి మండలికి ఫిర్యాదు పెట్టారు. దుమ్ము హద్దు దాటుతోందని రిపోర్టుల్లో తేలితే కంపెనీ ఫిల్టర్లు బాగుచేయక తప్పదు. తేలకపోతే ఆ ఫిర్యాదు చెత్తబుట్టలోకే.

మీటరు పొగగొట్టానికి సగం ఎత్తులో, ఇనుప మెట్లెక్కి వెళితే వచ్చే ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. ఒక ఇనుప పెట్టె, దానికో అద్దం. అద్దంలోంచి వెలుతురు పొగలోకి వెళ్లి, దుమ్ముకు తగిలి వెనక్కి వస్తుంది. అలా వచ్చినదాన్ని బట్టి దుమ్మెంతో మీటరు చెబుతుంది. అద్దం మురికిపడితే దుమ్ము తక్కువని చూపిస్తుంది. అందుకే దాన్ని రోజూ తుడవాలి. ఆ పని సిద్దయ్యది.

సిద్దయ్య కాంట్రాక్టు మనిషి, అక్క వాళ్ల ఊరే. కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. నేను చేరిన కొత్తలో టెక్నీషియన్ బాషా అన్న నన్ను పైకి తీసుకెళ్లినప్పుడు ఆయన అద్దం తుడుస్తున్నాడు. పెట్టె మీద వెడల్పాటి పాత కుంకుమ మరకలు కనిపిస్తే ఏమిటని అడిగాను.

“ఆయుధపూజకు ఏటా నేనే పెడ్తానమ్మా, బొటనేలితో” అన్నాడు. “అద్దం దీని కన్ను. కంటికి బొట్టు పెడ్తారా యాడన్నా? మొగానికి పెట్టాల.”

వినాయక చవితి వెళ్లాక సిద్దయ్య పోయాడు. దగ్గి దగ్గి పోయాడు. బీడీలు తాగి పోయాడని కంపెనీవాళ్లు తేల్చేశారు. ఆయన జన్మలో బీడీ ముట్టలేదని ఊరంతా మొత్తుకుంది. వినేదెవరు? ఆయన చోట ఇంకొకరిని పెట్టనూ లేదు. బాషా అన్నే వీలున్నప్పుడల్లా ఎక్కి తుడిచి వచ్చేవాడు.

ఆయుధపూజ రోజు మా మేనేజరు పట్టుపంచె కట్టుకుని, ఫొటోలు తీసేవాణ్ణి వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. మా విభాగం వాళ్లమంతా వెనకాల ఉన్నాం. ఆయన పెట్టె తెరిచి, తడి గంధం, కుంకుమ చేతినిండా తీసుకుని సరిగ్గా అద్దం మీదే అంత బొట్టు పెట్టాడు. బాషా అన్న ఏదో అనబోతే ఫొటోకు అడ్డం తప్పుకోమన్నాడు.

తెలియక పెట్టాడనే అనుకుందాం. మర్నాటి నుంచి అంకెలు పడిపోయాయి. నా ప్రోగ్రాం ఆ అంకెల్నే బుద్ధిగా మండలికి పంపుతోంది. నేను పరుగెత్తుకెళ్లి చెప్పాను.

“అమ్మవారి దయమ్మా” అని నవ్వాడు మేనేజరు. “పండగ బొట్టు ఎవరైనా తుడుస్తారా? అయినా రిపోర్టు పంపేది కంప్యూటరు, మనకేం సంబంధం?”

ఆ సాయంత్రమే ప్లాట్‌ఫారం తలుపుకు తాళం వేయించి, తాళంచెవి తన సొరుగులో పెట్టుకున్నాడు. తెలియక చేసినదాన్ని క్షమించొచ్చు. తెలిశాక తాళం వేశాడే, అది చూసి నా రక్తం ఉడికిపోయింది. నేను రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ వద్దా అని అడిగాడు.

అక్క ఫోన్ చేసింది. “మండలి వాళ్లు ఈ నెల రిపోర్టులు చూసి తేలుస్తారంట అమ్మే. అవి నువ్వు పంపేటివే గదా? పాప ఆయాసంతో పండుకోలేక కూచోనే ఉండాది.”

ఏం చెప్పను? ఆ పిల్ల ఊపిరి మీద అబద్ధం చెబుతున్నది నేను రాసిన ప్రోగ్రామే. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. అది దుఃఖం కాదు, కోపం.

నెలాఖరు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూర్చున్నానో లేదో, తెర మీద అంకెలు లేచాయి. హద్దు దాటి పైకి పోయాయి. ముందు నా ప్రోగ్రాంలోనే తప్పు దొర్లిందేమోనని వెతికాను. ఏ తప్పూ లేదు. నేను వెతుకుతుండగానే రిపోర్టు మండలికి వెళ్లిపోయింది. ఆపడానికి దానికి మనిషి చెయ్యి తగలదు కదా.

మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. పైకి ఎవరెక్కారని నా మీదా బాషా అన్న మీదా అరిచాడు.

“తాళంచెవి మీ తావనే ఉండాది కదా సార్” అన్నాడు బాషా అన్న.

ఉంది. సొరుగులోనే ఉంది. ముగ్గురం ఎక్కాం. తలుపుకు తాళం వేసినట్టే ఉంది. మేనేజరే తన చేత్తో తీశాడు. పండగ తర్వాత ఎవరూ తొక్కని ప్లాట్‌ఫారం మీద బూడిద మందంగా పేరుకుని ఉంది. దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు. మేం నడిచాకే మా అడుగులు పడ్డాయి.

పెట్టె తెరిస్తే అద్దం తళతళలాడుతోంది. గంధం మరక కూడా లేదు. పెట్టె మీద, ఆ పాత మరకల మీదే, కొత్త బొట్టు ఉంది. బొటనవేలంత వెడల్పు. బాషా అన్న వేలితో తాకి నాకు చూపించాడు. తడిగా ఉంది. మెట్ల ఇనుప కమ్మీ పట్టుకుంటే చెయ్యి కాలే ఎండ అది. అంత ఎండలో తడి బొట్టు ఎంతసేపు నిలుస్తుంది?

మేనేజరు చెమట తుడుచుకుని, ఏదో పక్షి వచ్చి ఉంటుందన్నాడు.

“పక్షి బొట్టు పెడుతుందా సార్?” అని గట్టిగానే అడిగాను.

మెట్ల కింద కెమెరా ఉంది. పండగ నుంచి ఆ రోజు దాకా ఆయనే కూర్చుని తిప్పి తిప్పి చూశాడు. మెట్ల మీద ఒక్క మనిషి లేడు. ఇంకో తాళంచెవి ఉందేమోనని నేనూ ఆరా తీశాను. లేదన్నారు. ఉన్నా, బూడిద మీద అడుగు పడకుండా నడిచేదెవరు?

ఆ అంకె పట్టుకుని మండలి వాళ్లు తనిఖీకి వచ్చారు. ఫిల్టర్లు బాగుచేయాలని ఆదేశించారు, ఇప్పుడు ఆ పని జరుగుతోంది. చిన్నికి పిల్లికూతలు పూర్తిగా పోలేదు కానీ పడుకుని నిద్రపోతోంది. నాకు సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోనీ.

కాలేజీ వైవాలో మా సార్ గ్రాఫు చూసి, ఈ రోజు అంకె ఎందుకిలా లేచిందని అడిగారు. అద్దం తుడిచారు సార్ అన్నాను. ఎవరు తుడిచారని అడిగారు. నేను తర్వాతి పేజీ తిప్పాను.

ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు. తాళంచెవి దగ్గర పెట్టుకుని నెలనెలా జీతం తీసుకునేవాడు మాత్రం తుడవలేదు. అంతవరకు నాకు తెలుసు.